పెరటి ముచ్చట్లు: నీళ్ళు పోశారు సరే, పోయే దారి ఉందా?

ఈ నెల ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చుంటే అన్నిట్లోనూ ఒకటే గోల. వానలు పట్టుకున్నాయి, గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయి, పెరట్లో మొక్కలకి జబ్బు మొదలైంది. ఎరువు ఏం వేయమంటారు, మందు ఏం కొట్టమంటారు అని అందరూ అడిగారు. వాన నీరు మా పెరట్లోంచి ఫలానా వైపు పోతుంది అని మాత్రం ఒక్కరూ రాయలేదు. కొత్తగా చదువుతున్నవాళ్ళకి నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. కడియం పక్క ఊళ్ళో మా అత్తవారి నర్సరీలో ముప్పై ఏళ్ళు అంట్లు కట్టాను. ఇప్పుడు గోదావరి పాయ గౌతమి ఒడ్డున పుట్టింటి ఊళ్ళో ఉంటున్నాను. మొక్కలు అమ్మిందీ నేనే, ఇంట్లో పెంచి చంపుకున్నదీ నేనే. అందుకని మొహమాటం లేకుండా చెబుతాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: పిన్నిగారూ, రెండేళ్ళ క్రితం తెచ్చిన కరివేపాకు మొక్క ఇంకా నడుము ఎత్తు కూడా రాలేదు. వానాకాలం వస్తే చాలు, ఆకు పసుపు రంగుకి తిరిగి రాలిపోతోంది. పుల్ల మజ్జిగ పోశాను, బియ్యం కడుగు పోశాను, మా ఆయన గుప్పెడు యూరియా కూడా వేశారు. ఏం చేసినా ఇంతే.
— ఒక గృహిణి, అమలాపురం

జవాబు: అమ్మాయ్, ఇంకేమీ పోయకు. ముందు ఒక పని చెయ్యి. మొక్కకి బారెడు దూరంలో గునపంతో మూరెడు లోతు గొయ్యి తీసి, సాయంత్రం ఒక బిందెడు నీళ్ళు పోసి పడుకో. తెల్లారి చూడు. గోతిలో ఇంకా నీళ్ళు కనబడితే మీ కరివేపాకు వేళ్ళు ఊబిలో ఉన్నట్టే. మన కోనసీమలో చాలా దొడ్లలో అంతే కదా, వానాకాలం జానెడు తవ్వితే ఊట. ఇవతల కాలువ, అవతల చేలు, ఇంటి స్థలం పల్లం. కొబ్బరి, అరటి తట్టుకుంటాయి. కరివేపాకు తట్టుకోదు.

ఇక్కడే అందరం మోసపోయేది. వేరు కుళ్ళిన మొక్క నీళ్ళు తాగలేదు. చుట్టూ నీళ్ళున్నా తాగలేక ఆకు వాల్చేస్తుంది. మనం చూసి, అయ్యో దాహం వేసిందేమో అని ఇంకో చెంబు పోస్తాం. నేనూ అదే చేశాను. మా ఇంట్లో పన్నెండేళ్ళ కరివేపాకు చెట్టు ఉండేది, వీధిలో ఎవరింట్లో తిరగమోత వేసినా ఆకు మా ఇంటి నుంచే వెళ్ళేది. ఓ ఏడాది బోరింగు చుట్టూ సిమెంటు చేయించాం. మేస్త్రీ వాటం అటు పెట్టాడు, గిన్నెలు తోమిన నీళ్ళన్నీ చెట్టు మొదట్లోకి చేరేవి. ఆకు వాడుతోందని నేను రోజూ మరో రెండు బిందెలు పోసేదాన్ని. దసరా నాటికి చెట్టు ఎండిపోయింది. తవ్వితే వేళ్ళు నల్లగా, ముట్టుకుంటే పై తొక్క ఊడొచ్చేలా ఉన్నాయి, మురుగు వాసన. ముప్పై ఏళ్ళ అనుభవం అని చెప్పుకునేదాన్ని, ఒక్క వానాకాలంలో చంపేశాను.

మీ మొక్కని ఇప్పుడు కదపొద్దు. చుట్టూ రెండడుగుల దూరంలో చిన్న కాలువ తీసి, ఆ నీరు వీధి వైపో చేను వైపో పోయేలా చెయ్యండి. మొక్క మొదట్లో కొత్త మట్టి మాత్రం ఎత్తుగా పోయొద్దు, కాండం ఊపిరాడక చస్తుంది. సంక్రాంతి దాకా బతికి ఉంటే అప్పుడు మట్టిగడ్డతో లేపి, మూరెడు ఎత్తు దిబ్బ వేసి దాని మీద నాటండి. దిబ్బకి మీ నల్లమట్టి ఒక పాలు, గోదావరి ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు. సముద్రపు ఇసుక వద్దు, అందులో ఉప్పు ఉంటుంది. కొత్త ఆకు పుట్టి బాగుపడ్డాక చిటారు కొమ్మ తుంచేయండి, పక్క కొమ్మలు వస్తాయి. చాలామంది ఆకులు ఒక్కొక్కటీ గిల్లుకుంటారు. అలా కాకుండా రెమ్మ పళంగా విరిస్తేనే చెట్టు గుబురు కడుతుంది.

చెట్టు పోయినా మరేం పర్లేదు. ఎవరింట్లోనైనా పెద్ద కరివేపాకు చెట్టు చుట్టూ పిలకలు వస్తాయి, వేరుతో సహా ఒకటి అడిగి తెచ్చుకోండి. గింజతో వేయాలంటే నల్లగా పండిన కాయ గుజ్జు తీసేసి ఆ వారంలోనే నాటాలి. ఎండబెట్టి దాచిన గింజ మొలవదు. మజ్జిగతో చెడేమీ లేదు, కాకపోతే వేళ్ళు కుళ్ళిన చోట అది చేసేదీ ఏమీ లేదు.

ప్రశ్న: అండీ, మాది భీమవరం దగ్గర. ఇంటి వెనక రొయ్యల చెరువులు వచ్చాక బోరు నీరు ఉప్పగా మారింది. మందారం ఆకుల అంచులు కాలినట్టు అయిపోతున్నాయి. గులాబీలు మూడు సార్లు తెచ్చాం, మూడు సార్లూ పోయాయి. ఇక మా ఇంట్లో పూలమొక్కలు వద్దా?
— ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, గులాబీ వదిలేయండి. ఉప్పు నీళ్ళకి ముందు చచ్చేది అదే. నాలుగోసారి కొనకండి, ఆ డబ్బుతో ఓ డ్రమ్ము కొని చూరు కింద పెట్టండి.

అంచులు కాలడం ఉప్పు గుర్తే. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మట్టిలోనే మిగిలిపోతుంది. అందుకే రోజూ చెంబెడు చొప్పున పోసేవాళ్ళ కుండీల్లో ఈ తెగులు ఎక్కువ, మట్టి మీద తెల్లటి పొర కనబడుతుంది. వాన నీళ్ళు దొరికిన రోజున కుండీ అడుగు నుంచి బాగా కారిపోయేదాకా పోయండి, ఉప్పు కొట్టుకుపోతుంది. ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు పారబోయకండి, అందులో ఉప్పు ఉండదు. తాగునీటి ఆర్వో మిషను బయటకి వదిలే నీళ్ళు మాత్రం మొక్కలకి పోయొద్దు. మిషను తీసేసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. ఆర్వో నుంచి వచ్చిందంటే మంచినీళ్ళే అనుకుని పోసేవాళ్ళు మీ వైపు చాలామంది ఉన్నారు.

ఇంకో మాట అడగాలి. ఇంటి స్థలం మెరక చేయించడానికి మట్టి ఎక్కడి నుంచి తోలించారు? రొయ్యల చెరువు గట్టు మట్టి అయితే నీటిలోనే కాదు, మట్టిలోనూ ఉప్పు ఉన్నట్టే. అలాంటప్పుడు నేలలో పెట్టకుండా పెద్ద కుండీల్లో బయటి మట్టి పోసి పెంచడం నయం.

ఉప్పుకి ఓర్చుకునేవి లేకపోలేదు. కాగితం పూలు, బిళ్ళగన్నేరు, దేవగన్నేరు, గన్నేరు బాగా తట్టుకుంటాయి. గన్నేరు గురించి కింద ఇంకో ఉత్తరానికి రాసింది చదివి అప్పుడు పెట్టండి. కలబంద కూడా బతుకుతుంది. వీటికీ మొదటి ఏడాది వాన నీళ్ళే పోస్తే మంచిది, వేరు ఊనాక వాటి తిప్పలు అవే పడతాయి.

ప్రశ్న: మా ఇంటి బొడ్డుమల్లె పొద ఏపుగా, పచ్చగా ఉంది. ఆకులు చూస్తే ముచ్చటేస్తుంది. వేసవి అంతా కలిపి పూసినవి ఓ దోసెడు. నీళ్ళు రోజూ పోస్తున్నాం. కొబ్బరిచెట్ల మధ్యన ఉంది.
— తణుకు నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళు

జవాబు: జవాబు మీ ఉత్తరంలోనే ఉందమ్మా. రోజూ నీళ్ళు, కొబ్బరి నీడ. మల్లెకి రెండూ పడవు. సుఖపడ్డ మల్లె ఆకు వేస్తుంది, పువ్వు వేయదు. దానికి పొద్దున నుంచీ కనీసం ఆరు గంటల ఎండ తగలాలి, ఏడాదికి ఒకసారి ఆకలి దప్పికలు చూడాలి.

మా మామగారి లెక్క చెబుతాను. నేను అత్తారింటికి వెళ్ళిన మొదటి చలికాలం మల్లెమళ్ళకి నీళ్ళు ఆపేశారు. పసుపు రంగుకి తిరుగుతున్న ఆకు చూసి నాకు ప్రాణం ఉసూరుమంది, ఎవరూ చూడకుండా రెండు చెంబులు పోసి తిట్లు తిన్నాను. కార్తీకం వెళ్ళాక నీళ్ళు తగ్గించేవారు, ధనుర్మాసంలో పూర్తిగా ఆపేసేవారు. సంక్రాంతి వెళ్ళగానే కత్తెర. పొదని మోకాలి ఎత్తుకి కోసేయడమే. ఎండుపుల్లలు, పెన్సిలు కంటే సన్నటి కొమ్మలు అన్నీ తీసేసి, మిగిలిన ఆకు కూడా దూసేవారు. పెద్ద తోటలున్న రైతులు మేకల్ని తోలి ఆకు మేపించేవారు, కూలి మిగులుతుంది, పెంట మిగులుతుంది. ఓ వారం అలా వదిలేసి, అప్పుడు మొదలు చుట్టూ తవ్వి, తట్టెడు చివికిన ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి నిండా నీళ్ళు పెట్టేవారు. అక్కడి నుంచి చిగురు, చిగురు చివర మొగ్గ. మల్లె పాత కొమ్మకి పూయదు, కొత్త చిగురుకే పూస్తుంది. కత్తిరించందే కొత్త చిగురు ఎక్కడి నుంచి వస్తుంది? ఉగాది నాటికి మీ జడలోకి వస్తాయి.

ఒక దఫా పూత అయ్యాక వాడిన పూల కింద రెండు కణుపులు తుంచండి, మళ్ళీ పూస్తుంది. మొగ్గలు ఊదారంగుకి తిరిగి, చిన్న చిల్లి కనిపిస్తే లోపల పురుగు ఉన్నట్టు. వాటిని కోసి కవర్లో వేసి మూతి కట్టి ఎండలో పడేయండి. లీటరు నీళ్ళకి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

కొబ్బరి నీడ నుంచి మల్లెని ఎలాగూ తప్పించాలి. ఆ చోటు ఖాళీ ఉంచకండి. నందివర్ధనం, కనకాంబరం వడకట్టిన ఎండలో బాగానే పూస్తాయి. కొబ్బరి డొక్కలు పారేసుకోకుండా, ఓ వానాకాలం నానిన తర్వాత మొక్కల చుట్టూ బోర్లించి పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసినప్పుడు తేమ కాస్తాయి. మొదటికి తగలనివ్వకండి, చెదలు పడుతుంది.

ప్రశ్న: పచ్చగన్నేరు పూలు శివుడికి ఇష్టమని మా అత్తయ్యగారు గేటు పక్కన మొక్క పెట్టించారు. మాకు ఏడాదిన్నర బాబు ఉన్నాడు, ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటాడు. తీసేయమంటే అత్తయ్యగారు బాధపడుతున్నారు. మీరు చెబితే వింటారు.
— ఒక కోడలు, రాజోలు

జవాబు: వదినగారూ, ఇది మీకే రాస్తున్నాను, కోడలికి కాదు. మొక్క తీయించేయండి. పచ్చగన్నేరు చెట్టంతా విషమే, గింజ మరీను. గుండె మీద పనిచేసే విషం అది. గులాబీరంగు, తెల్ల గన్నేరు కూడా అంతే, ఆకు, కొమ్మ, పాలు అన్నీ. ఆ కొమ్మల్ని పొయ్యిలో పెట్టినా పొగ మంచిది కాదు. రాలిన కాయ పిల్లవాడికి ఆటవస్తువులా కనబడుతుంది. మేము నర్సరీలో వందల మొక్కలు అమ్మాం, రోడ్డు మధ్యన వేసేవాళ్ళకి, పొలం గట్టుకి వేసేవాళ్ళకి. చంటిపిల్ల చంకలో ఉన్నవాళ్ళు అడిగితే మా అత్తగారు మొక్క లేదనేవారు, ఎదురుగా బారులు తీరి ఉన్నా సరే.

తీసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోమనండి. శివుడికి నందివర్ధనం పెట్టండి, ఉమ్మడిగా ఇద్దరూ పెంచండి. తెల్ల శంఖం పూలు, నీలి శంఖం పూలు తీగకి ఏడాదంతా వస్తాయి. బిల్వం ఉండనే ఉంది.

కోడలికి ఒక మాట. ఎప్పుడైనా పిల్లవాడు అలాంటిది నమిలాడని అనుమానం వస్తే చింతపండు రసం, ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించొద్దు. నోట్లో ఉన్నది తీసేసి, నమిలిన ముక్క చేత్తో పట్టుకుని సూటిగా ఆసుపత్రికి వెళ్ళాలి.

ప్రశ్న: రాజమండ్రిలో మూడో అంతస్తు ఫ్లాటు. తూర్పు బాల్కనీ, పొద్దున మూడు గంటలు ఎండ. వంటకి పనికొచ్చేవి నాలుగు పెంచాలని. కొత్తిమీర రెండు సార్లు వేస్తే మొలవలేదు.
— కొత్తగా కాపురం పెట్టిన అమ్మాయి

జవాబు: ధనియాలు అలాగే చల్లేశావు కదూ? ఒక ధనియంలో రెండు గింజలు ఉంటాయి. అప్పడాల కర్రతో నెమ్మదిగా దొర్లించి రెండుగా చీల్చి, రాత్రంతా నానబెట్టి, ఆరబెట్టి చల్లు. అదీ ఇప్పుడు కాదు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. మన ఎండలకి కొత్తిమీర ఆకు వేయకముందే పువ్వెత్తేస్తుంది. వేసవిలో బజారులో కొన్న కట్టే నయం, టెన్షన్ పడకు.

పుదీనాకి మొక్క కొనక్కర్లేదు. బజారులో తెచ్చిన కట్టలోంచి లావుపాటి కాడలు ఏరి, కింది ఆకులు తీసి గ్లాసు నీళ్ళలో పెట్టు. వారంలో తెల్లటి వేళ్ళు వస్తాయి. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న టబ్బులో నాటు. పుదీనాకి తేమ కావాలి గానీ టబ్బుకి చిల్లులు ఉండాలి. మీ ఫ్లాట్లలో కింది ఇంటివాళ్ళు గొడవ పడతారని చిల్లుల కింద పళ్ళెం పెట్టి, ఆ పళ్ళెం నిండా నీళ్ళు వదిలేస్తారు. అరగంట చూసి పారబోయాలి.

వామాకు కొమ్మ విరిచి గుచ్చితే చాలు, నీళ్ళు తక్కువైతేనే సంతోషిస్తుంది. వానపడ్డ సాయంత్రం బజ్జీలు వేసుకో. మెంతికూర ఇరవై, ఇరవై అయిదు రోజుల్లో కోతకొస్తుంది, కొత్తవాళ్ళకి ధైర్యం ఇచ్చేది అదే. తులసి కంకులు ఎప్పటికప్పుడు గిల్లేస్తూ ఉండు, గింజ కట్టనిస్తే మొక్క ముసలిదైపోతుంది. నిమ్మగడ్డికి ఆ బాల్కనీ చాలదు, వద్దు.

ప్రశ్న: ఢిల్లీ కనకాంబరం గింజలు ఎక్కడ దొరుకుతాయి? ఉన్న మొక్కలు ఒక్కొక్కటిగా వాడి పడిపోతున్నాయి.
— మండపేట

జవాబు: దొరకవు. ఢిల్లీ కనకాంబరం గింజ కట్టదు, కొమ్మలతోనే పెంచుతారు. గింజలని ఎవరైనా అమ్మితే అవి నాటు కనకాంబరానివి.

వాడిపోయిన మొక్కని పీకి వేళ్ళు కడిగి చూడండి. వేళ్ళ మీద బుడిపెలు ఉంటే నులిపురుగులు. బుడిపెలు లేకుండా మొదలు నల్లబడి ఉంటే కుళ్ళు తెగులు, మళ్ళీ ఆ నీళ్ళు నిలిచే సంగతే. ఏదైనా సరే అదే మడిలో మళ్ళీ కనకాంబరం పెట్టొద్దు. ఒక పంటకాలం బంతి వేయండి. బంతి వేరుకి నులిపురుగులు తగ్గుతాయి. పూలు కోసుకున్నాక మొక్కల్ని అక్కడే తరిగి మట్టిలో కలిపేయండి. కనకాంబరం వచ్చే ఏడాది, ఎత్తు మడి మీద.

ప్రశ్న: నర్సరీలో చెయ్యంత పువ్వు చూసి కొన్న గులాబీకి ఇప్పుడు కింద నుంచి ముళ్ళ కొమ్మ పొడవుగా వచ్చింది, దానికి చిన్న చిన్న పూలు. మోసం చేశారా?
— నిడదవోలు

జవాబు: మోసం కాదండీ, మీరు కత్తెర వాడలేదు. గులాబీని నాటు మొక్క మీద కన్ను అంటు కడతాం, అంటే మంచి గులాబీ చిగురు కన్ను తెచ్చి అతికిస్తాం. ఆ అతుకు కింద నుంచి వచ్చినదల్లా నాటు కొమ్మే, మీరు కొన్న గులాబీని అణగదొక్కి పెరుగుతుంది. మొదలంటా తీసేయండి. నేను ఇలాంటి కొమ్మలు పెంచేవాళ్ళని ఏటా పదిమందిని చూస్తాను, ఏపుగా ఉందని మురిసిపోతుంటారు.

మొక్క కొన్నాక ఇంకో సంగతి, ఇది అమ్మిన నోటితోనే చెబుతున్నాను. నర్సరీ మొక్క గారాబంగా పెరుగుతుంది. పైన నెట్టు నీడ, పూటపూటా నీళ్ళు, వారం వారం ఎరువు. దాన్ని తెచ్చిన రోజే నల్లరేగడిలో, నడినెత్తి ఎండలో పెడతారు. పది రోజులు చెట్టు నీడన ఉంచి నెమ్మదిగా ఎండకి అలవాటు చేయండి. బ్యాగు చించాక చుట్టుకుపోయిన వేళ్ళని చేత్తో నెమ్మదిగా విడదీయండి. ఎర్రమట్టి గడ్డని అలాగే నల్లమట్టిలో దించితే వేరు ఆ గడ్డ దాటి బయటికి రాక అక్కడే తిరుగుతుంది.

ప్రశ్న: నందివర్ధనం ఆకులు రాత్రికి రాత్రి మాయం. వేలు లావున ఆకుపచ్చ పురుగు, తల దగ్గర రెండు నీలి కళ్ళు. భయమేసింది.
— పాలకొల్లు

జవాబు: అవి కళ్ళు కావు, బెదిరించడానికి పెట్టుకున్న మచ్చలు. కరవదు, కుట్టదు. పొద్దున్నే పుల్లతో తీసి దూరంగా పడేయండి, రెండు మూడు కంటే ఎక్కువ ఉండవు. మందు అక్కర్లేదు. నందివర్ధనం పదిహేను రోజుల్లో మళ్ళీ చిగురు వేస్తుంది.

ప్రశ్న: వినాయక చవితికి పత్రి కొనుక్కుంటే ఏదో గడ్డీగాదం కట్టి ఇస్తున్నారు. 21 పత్రాలూ ఇంట్లో పెంచొచ్చా? వస మొక్క కూడా కావాలి, మనవరాలికి నాలుక మీద రాయడానికి.
— ఒక తాతగారు, రామచంద్రపురం

జవాబు: తాతగారూ, రావి, మద్ది, మామిడి, జమ్మి, దేవదారు పెరట్లో పెట్టుకుంటే ఇల్లు ఎక్కడ కట్టుకుంటారు? అందులో దేవదారు హిమాలయాల చెట్టు, మన ఎండకి బతకదు. అందుబాటులో ఉన్నవి చూసుకుందాం. మాచిపత్రి, మరువం రెండూ కొమ్మ గుచ్చితే వచ్చేవే, కుండీ చాలు, నీళ్ళు నిలవకూడదు. తులసి, జాజి, దానిమ్మ ఎలాగూ ఉంటాయి. వావిలి కంచె వెంట పెట్టండి, ఆకు ఎండబెట్టి బియ్యం డబ్బాలో వేసుకునేవాళ్ళం పురుగు పట్టకుండా. గరిక, ఉత్తరేణి, విష్ణుక్రాంతం మీరు పీకకుండా ఉంటే చాలు, అవే వస్తాయి. వాకుడు, జిల్లేడు, ఉమ్మెత్త ఏటిగట్టు మీద కావలసినంత ఉంటాయి. ఉమ్మెత్త మాత్రం ఇంట్లో పెట్టకండి, కాయ విషం. పూజ అయ్యాక ఆ పత్రిని పశువులకి వేయకండి, గన్నేరు కూడా ఉంటుంది అందులో.

వస సంగతి. పెంచడం మహా తేలిక, మన డెల్టాలో దానికంటే సుఖంగా బతికే మొక్క లేదు. బోరింగు దగ్గర, స్నానాలగది నీరు పారే చోట దుంప ముక్క పెడితే ఏడాదికి చాపలా అల్లుకుంటుంది. నీళ్ళు నిలుస్తున్నాయని ఏడ్చేవాళ్ళంతా అక్కడ వస, సరస్వతి ఆకు పెట్టుకోండి. కానీ మనవరాలికి పోయొద్దు. మాకూ చిన్నప్పుడు పోశారు, ఇప్పటికీ ఎక్కువ మాట్లాడితే వస పోశారా అంటారు, నన్ను రోజూ అంటారు. ఆ దుంపలో పసిపిల్లలకి పడని గుణం ఉంది. అమెరికాలో 1968లోనే తిండి పదార్థాల్లో దాన్ని వాడకూడదని ఆపేశారు. మొక్క పెంచండి, ఆకు వాసన చూడండి, అంతటితో సరి. తిప్పతీగ కషాయం రోజూ తాగుతున్నామని ఇంకో ఇద్దరు రాశారు. అతిగా తాగి కాలేయం చెడినవాళ్ళని కరోనా తర్వాత డాక్టర్లు చూశారు. మొక్క పెంచడం నాకు తెలుసు, వైద్యం డాక్టర్ని అడగండి.

ప్రశ్న: మాది గోదావరి నడుమ లంక గ్రామం. ఏటిగట్టు లోపల ఇల్లు. వరద వచ్చి వెళ్ళిన ప్రతిసారీ పెరడు మొదటికొస్తుంది. పెంచడం దండగా అక్కా?
— ఒక చెల్లెలు

జవాబు: నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు చెల్లీ. 1986 ఆగస్టు వరదకి నేను కొత్త కోడల్ని. పుట్టింటి పెరట్లో నడుము లోతు నీళ్ళని నాన్న కబురు పెట్టారు. నీరు తీశాక వెళ్ళి చూస్తే పెరడంతా ఒకే రంగు, ఒండ్రు రంగు. మల్లె లేదు, మరువం లేదు. కంచెలో వావిలి, వీధి చివర గన్నేరు మాత్రం బురద దులుపుకుని నిలబడ్డాయి. రెండూ ఏటి ఒడ్డున పుట్టిన జాతులు, వాటికి ఇది అలవాటే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడూ మా ఇంట్లో అదే జరిగింది. ఈసారి నేను కాస్త ముందు మేలుకున్నాను. కుండీలన్నీ అరుగు మీద నుంచి డాబా మీదకి ఎక్కించాం.

దండగ కాదు. అయితే లంకలో పెరడు రెండు భాగాలు. నేల మీద పోయినా పర్లేదు అనుకున్నవి, డాబా మీదకి మోయగలిగినవి. ఇద్దరు కలిసి ఎత్తలేనంత పెద్ద కుండీ కొనకు. ఎరువు, ఇసుక, ఊక బూడిద కలిపిన మట్టి తేలిగ్గా ఉంటుంది, మీ ఒండ్రు ఒక్కటే నింపితే తడిసినప్పుడు కదలదు.

నీరు తీసిన వెంటనే చేయాల్సింది ఆకులు కడగడం. ఒండ్రు ఆకు మీద ఎండకి ఎండి పెచ్చు కడితే మొక్కకి ఊపిరి ఆడదు. బోరింగు నీళ్ళు పైనుంచి చిమ్మండి. కాండం చుట్టూ చేరిన ఒండ్రుని చేత్తో తీసి, పాత నేల కనిపించేదాకా వదులు చెయ్యి. పారతో లోతుగా తవ్వకు, తడి నేలలో వేళ్ళు తెగుతాయి. విరిగినవి కోసెయ్యి. ఎరువు వేయకు. కొత్త చిగురు కనబడ్డాకే వేయాలి, అదీ కొద్దిగా. తీసిన ఒండ్రు పారేయకు, ఎండబెట్టి పొడి చేసి ఇసుకతో కలుపు, దానికి మించిన మట్టి కడియంలో కూడా కొనలేవు. వరద నీరు తాకిన పుదీనా, తోటకూర, వామాకు మాత్రం వండొద్దు, ఊరి మురుగంతా అందులోనే కలిసి వచ్చింది. పైభాగం కోసి పారేసి, కొత్త ఆకు వచ్చాక తినండి.

తులసి ఎలాగూ పోతుంది. అందుకని ఇప్పుడే ముదిరిన కంకులు నాలుగు కోసి, నీడన ఆరబెట్టి, కాగితం పొట్లం కట్టి పైన అటక మీద బియ్యం డబ్బాలో పెట్టు. కనకాంబరం కాయలు కూడా ఎండాకే కొయ్యి, తడి తగిలితే టప్పున పేలి గింజ ఎగిరిపోతుంది. పొట్లం మీద ఏది ఏదో రాసుకో. పోయినసారి నేను రాయలేదు, తులసి అనుకుని బచ్చలి మొలిపించాను.